ఫొటోకి పనికొచ్చినవాళ్ళు

మీరే మూశారు ఆ తరగతిని. జనవరి పొగమంచు మూయలేదు, దానంతట అది మూతపడలేదు. అల్మెంద్రాల్ కాలేజి పాలకమండలి సభ్యులారా, ఇరవై మంది చేరని తరగతి నడపక్కర్లేదని చేతులెత్తింది మీరు. ఎత్తిన చేతులు దించకముందే, ఈ లోయలో పేదపిల్లల్ని ఇంజనీర్లని చేస్తున్నామని చెప్పి పైనుంచి గ్రాంటు తెచ్చుకుందీ మీరే. బస్సు మీద మా యాదిరా మొహం అంటించిందీ మీరే. ఆ పిల్ల మొహం మీకు కావలసొచ్చింది. ఆ పిల్ల చదువు మాత్రం బరువైంది. ఇప్పుడు ఈ కథ వినండి. మీ సమావేశంలోలా మూడు నిమిషాలు కాగానే కొట్టడానికి ఇక్కడ మీ గంట లేదు.

ఆ బొమ్మ దగ్గర మొదలుపెడతాను. ద్రాక్షతోటల మధ్య నుంచి కాలేజికి వచ్చే బస్సు పొడుగునా యాదిరా నవ్వుతూ ఉంటుంది. కళ్ళకు పెద్ద ప్లాస్టిక్ అద్దాలు, చేతిలో ఎర్ర వైరు. కింద ‘నీ కల ఇక్కడే మొదలు’ అని రాసుంటుంది. ఆ అద్దాలు కెమిస్ట్రీ గదిలోవి. వైరు ఫొటోగ్రాఫరు తన సంచీలోంచి తీసిచ్చాడు. సర్క్యూట్లు నేర్చుకునేవాళ్ళు ఇలాంటి అద్దాలు పెట్టుకోరండీ అని యాదిరా చెప్పబోతే, “బాగున్నావులే, నవ్వు” అన్నాడు. అప్పటికి ఆమె సర్క్యూట్ల తరగతిలో అడుగే పెట్టలేదు. పెట్టడానికి తరగతి ఉంటే కదా! రెండేళ్ళకోసారి, జనవరిలో మొదలయ్యే వసంతం టర్ములో నడుపుతామన్నారు. కిందటిసారి రద్దు చేశారు. ఈసారైనా ఉంటుందని ఆశపడి, మిగతా లెక్కలూ ఫిజిక్సూ అన్నీ ముగించి, ఆ ఒక్కదాని కోసం కూర్చుంది.

ఒక్క తరగతి లేకపోతే ఏం పోతుందని అడిగే పెద్దమనుషులున్నారు. అంతా పోతుంది. ఇక్కడ రెండేళ్ళు చదివి, ఆ తరవాత సముద్రం పక్కనున్న పెద్ద యూనివర్సిటీలో మూడో ఏడాదిలోకి మారడం. మా పిల్లలకు ఇంజనీరింగుకి ఉన్న దారి అదొక్కటే. ఆ యూనివర్సిటీవాళ్ళు ముందే తెగేసి చెప్పారు. సర్క్యూట్లు, ల్యాబుతో సహా, పూర్తిచేసి రావాలి. ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో చదివింది చెల్లదు. పోనీ ఇంకో కాలేజిలో చదువుదామంటే పొగమంచులో గంటన్నర దారి. ఇంటికున్నది ఒక్క కారు, అది తెల్లారకముందే మాక్రీనాని తోటకి తీసుకుపోతుంది.

మాక్రీనా యాదిరాకి మేనత్త. వాళ్ళది సరిహద్దుకి అవతల, ఒహాకా కొండల్లో మిస్తెకో భాష మాట్లాడే ఒక ఊరు. ఇప్పుడా ఊరు సగం అక్కడుంది, సగం ఈ లోయలో తీగలు కత్తిరిస్తోంది. యాదిరా పసిపిల్లగా ఉండగానే, ఈ దేశంలో ఉండడానికి కాగితాలు లేవని తండ్రిని పట్టుకుని సరిహద్దు దాటించేశారు. తల్లి ఆయన వెనకే పోయింది. ఇక్కడ పుట్టిన పిల్ల ఇక్కడే చదువుకోవాలని మాక్రీనా పట్టుబట్టి తన దగ్గర ఉంచుకుంది. మాక్రీనాకీ కాగితాలు లేవు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనరు.

వసంతం తరగతులు మొదలయ్యే ముందు వారం, సర్క్యూట్లు చెప్పే బలింగిట్ మేష్టారు పార్కింగులో కారు డిక్కీ తెరుచుకుని నిలబడ్డాడు. ఆయన ఆఫీసు అదే. మూడు కాలేజీల్లో గంటల లెక్కన పాఠం చెబుతాడు, ఒక్కదాంట్లోనూ ఆయనకో కుర్చీ లేదు. డిక్కీలో ఒకపక్క మీటర్లు, వైర్లు. ఇంకోపక్క ఇంటినుంచి తెచ్చుకున్న అన్నం డబ్బా.

“ఎంతమంది చేరారు మేష్టారూ?” అని అడిగింది యాదిరా.

“నీతో కలిపి ఎనిమిది.”

“అంటే?”

“అంటే ఏముంది, తలుపు మీద కాగితం అంటిస్తారు. నేను ఇంకో కాలేజికి పోతాను. నువ్వు...” అన్నం డబ్బా అటు జరిపాడు, ఇటు జరిపాడు. “నువ్వు రెండేళ్ళాగు.”

“కిందటిసారీ ఇదే మాట అన్నారు.”

“నేనన్నానా? కంప్యూటరంది. దానికి తలలు కావాలమ్మాయ్. ఎవరి తలలైనా పర్లేదు.” ఎవరైనా వింటున్నారేమోనని చుట్టూ చూశాడు. “ఈ కాలేజివాళ్ళదే పెద్ద క్యాంపస్‌లో ఎన్ని తరగతులు ఇలా నిలబడతాయో నీకు తెలుసా? పేర్లుంటాయి. లెక్క తీసే రోజు దాటగానే సగం పేర్లు మాయం. ఎవడూ అడగడు. ముందు చదవాల్సింది చదవకపోయినా మేష్టారు ఒప్పుకుంటే చేర్చుకోవచ్చు. ఇదుగో, నేనేం అనలేదు, నువ్వేం వినలేదు.”

“పేర్లుంటే చాలా?”

“చాలు. మనుషులు రానక్కర్లేదు.”

పని చెడింది ఆ చివరి మాట దగ్గరే.

ఆదివారం ఫిదెన్సియో ఇంటి వెనక ఊరివాళ్ళు చేరారు. ఫిదెన్సియో ఈ లోయలో ఉన్న సగం ఊరికి పెద్ద. తెకియో పిలవాల్సింది ఆయనే. తెకియో అంటే ఊరికోసం ప్రతి ఇల్లూ ఒళ్ళొంచి చేయాల్సిన చాకిరీ. అక్కడ గుడికప్పు వేయాలన్నా, ఇక్కడ ఎవరైనా పోతే సమాధి తవ్వాలన్నా పిలుపొస్తుంది. కూలి ఉండదు, తప్పించుకోవడం ఉండదు. జ్వరమొచ్చినవాడు తన బదులు ఇంకో మనిషిని పంపాల్సిందే.

యాదిరా సంగతంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ చేతులు నలుపుకుంటూనే ఉంది.

“చదువుకి తెకియో ఏమిటే?” అన్నాడు ఫిదెన్సియో. “గోడ కట్టాలా?”

“గోడ కాదు తాతా, కుర్చీలు నింపాలి.”

“అంటే కూర్చోవడమే పనా?” వెనకనుంచి ఒకడు పకపకా నవ్వాడు. “ఇన్నాళ్ళకి నాకు తగిన పని దొరికింది!”

“తోటలో నువ్వు చేసేదీ అదేగా,” అంది మాక్రీనా పెనం మీద తొర్తియా రొట్టెలు తిరగేస్తూ. “మేస్త్రీ చూడనప్పుడు.”

నవ్వులు సద్దుమణిగాక, పొయ్యి పక్కన కూర్చున్న ఒకామె నెమ్మదిగా అడిగింది. “పేరు రాసిస్తే... అది ఎక్కడిదాకా పోతుంది?”

ఆ ఒక్క ప్రశ్నతో మా ఇళ్ళల్లో ఎన్ని పనులు ఆగిపోయాయో మీకు తెలీదు, సభ్యులారా. ఆస్పత్రికి పోవడం ఆగింది. కూలి ఎగ్గొట్టిన మేస్త్రీ మీద ఫిర్యాదు ఆగింది.

“కాలేజిదాకానే పోతుంది,” అంది యాదిరా. “అక్కడ కాగితాలడగరు.” ఆ మాట ఆమె నిజంగానే నమ్మింది.

ఫిదెన్సియో గడ్డం గోక్కున్నాడు. “మా అన్న పోయినప్పుడు వాన కురుస్తుంటే మాక్రీనా గొయ్యి తవ్వింది. మగాళ్ళు ఇద్దరు రాలేదు, వాళ్ళెవరో ఇక్కడే ఉన్నారు, పేర్లెత్తను. ఇప్పుడు ఆ ఇంటికి పనిపడింది. ఇంకేం మాట్లాడాలి?”

“మీరెవరూ రానక్కర్లేదు తాతా,” అంది యాదిరా గబగబా. “పేరిస్తే చాలు.”

పెద్దాయన మొహం ముడుచుకుంది. “పేరు పంపి ఒళ్ళు పంపకపోవడమేంటి? అది తెకియోనా, దొంగతనమా?”

“మేష్టారే చెప్పారు...”

“మీ మేష్టారిది ఏ ఊరో ఏమో. మన ఊళ్ళో పేరు పిలిస్తే మనిషి లేచి నిలబడాలి.”

“స్నానం చేసి రావాలా, తోటనుంచి అలాగే వచ్చేయొచ్చా?” అన్నాడు ఇందాకటివాడు.

“నువ్వు మాత్రం చేసి రా,” అంది మాక్రీనా. “ఆ పిల్లకి చదువు కావాలి, నీ వాసన కాదు.”

మళ్ళీ నవ్వులు. తనకోసం అంతమంది తలలూపుతుంటే, రావద్దని ఇంకోసారి అనడానికి యాదిరాకి నోరు రాలేదు.

ఆ రాత్రే అందరి పేర్లూ చిరునామాలూ కాలేజి కంప్యూటర్లోకెక్కాయి, మేష్టారు సరేనన్నాడు. సోమవారం సాయంత్రం మంచు తోటల మీదినుంచి కాలేజి మెట్లదాకా వచ్చింది. ఆ మంచులోంచి ఒక్కొక్కరే వచ్చారు. కొందరు తలలు దువ్వుకుని, ఉతికిన చొక్కాలేసుకుని. కొందరు వెనక జేబులో కత్తెరతో, బూట్లకి మట్టితో. వరండాలో కాళ్ళు తుడుచుకుని లోపలికొచ్చి, దేవుడి గదిలో కూర్చున్నట్టు కూర్చున్నారు. యాదిరాతోపాటు చదువుకునే పిల్లలు నోళ్ళు తెరిచి చూశారు. బలింగిట్ మేష్టారు తలుపు దగ్గరే ఆగిపోయాడు.

“ఏంటమ్మాయ్ ఇది?”

“చెప్పాను మేష్టారూ. వినలేదు.”

ఆయన చెయ్యగలిగింది ఒక్కటే, అది చేశాడు. పేర్లు పిలిచాడు. పిలిచిన ప్రతి మనిషీ లేచి నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో ఆయన క్లాసులో పేరు పిలిస్తే లేచి నిలబడినవాళ్ళు లేరు. బోర్డు వైపు తిరిగాడు. బ్యాటరీ గీశాడు, బల్బు గీశాడు, మధ్యలో తీగ గీశాడు. స్పానిష్‌లో సగం, చేతులతో సగం చెప్పాడు. తరవాత డిక్కీలోంచి తెచ్చిన సామాను బల్లల మీద పరిచి, చెయ్యమన్నాడు.

మాక్రీనా బల్ల మీద బల్బు వెలగలేదు. వైరు తీసి పెట్టింది, మళ్ళీ తీసి పెట్టింది. “ఇది కూడా మా మేస్త్రీ లాంటిదే,” అని గొణుక్కుంది. “ఎంత చేసినా మొహం వెలగదు.” యాదిరా వంగి వదులైన కొసని నొక్కింది. వెలిగింది. మాక్రీనా బల్బు వంక కాకుండా మేనకోడలి వంక చూసింది. ఈ పిల్ల చదువంటే ఇదన్నమాట అని అప్పుడు తెలిసింది ఆమెకి. అంతవరకూ చదువంటే దీపం దగ్గర వంగిన వీపే.

సరిగ్గా అప్పుడు తలుపు తెరుచుకుంది. డీన్ హాల్‌స్టెడ్ వచ్చింది, వెంట గ్రాంటు ఇచ్చినవాళ్ళు ఇద్దరు, వాళ్ళ వెనక అదే ఫొటోగ్రాఫరు. వాళ్ళకి కాలేజి తిప్పి చూపిస్తోందామె. గదినిండా మట్టి బూట్లు చూసి ఒక్క క్షణం తడబడింది. అంతలో వచ్చినవాళ్ళల్లో ఒకాయన చేతులు రెండూ గుండెల మీద పెట్టుకున్నాడు. “అబ్బ! మేం కోరుకుంది ఇదే. కుటుంబాలకి కుటుంబాలే చదువుకి కదిలాయి!”

డీన్ మొహం విచ్చుకుంది. మాక్రీనాని ముందు వరసలోకి జరిపారు. చేతికి ఎర్ర వైరిచ్చారు. ఎవరో పరుగెత్తి పెద్ద ప్లాస్టిక్ అద్దాలు కూడా తెచ్చారు.

“మీరు ఏం కావాలనుకుంటున్నారు?” అని ఆ పెద్దమనిషి మాక్రీనాని అడిగాడు.

మాక్రీనా వచ్చీరాని స్పానిష్‌లో ఉన్నమాట చెప్పేసింది. “నేనేం అవుతానయ్యా ఈ వయసులో. మా పిల్ల తరగతి ఆగిపోతుందన్నారు. నిలబెడదామని వచ్చాం.”

ఆ మాట ఆయనకి అర్థం కాలేదు. డీన్‌కి అయింది. కెమెరా మెరిసేదాకా నవ్వు చెదరనివ్వలేదు.

పొద్దున తలుపు మీద కాగితం. తరగతి రద్దు.

యాదిరా డీన్ గదికి వెళ్ళింది. “కూర్చోమ్మా,” అంది డీన్ మెత్తగా. “మా ఇంట్లో మొదట చదువుకున్నదాన్ని నేనే. నీ బాధ నాకు తెలుసు.”

“తెలిస్తే తరగతి తెరవండి మేడమ్.”

“చదవనివాళ్ళని పట్టుకొచ్చి కుర్చీలు నింపారు. దాన్నేమంటారో తెలుసా?”

“పెద్ద క్యాంపస్‌లో రానివాళ్ళ పేర్లతో నింపుతున్నారు. దాన్నేమంటారు?”

డీన్ బల్ల మీదున్న పెన్ను తీసి నిలువుగా పెట్టి, అడ్డంగా పెట్టింది. “నువ్వు పైకి ఫిర్యాదు చేయొచ్చు, నీ హక్కు. అప్పుడు విచారణ వేయాలి. చేరినవాళ్ళందరి పేర్లూ, చిరునామాలూ పైకి పంపాలి. అవి ఎవరెవరి చేతుల్లోకి పోతాయో నా చేతిలో ఉండదు. నీ వాళ్ళ మేలు కోరే చెబుతున్నాను.”

ఎంత తియ్యగా అందో! ఇల్లు తగలబెడతానని చెప్పడానికి కూడా ఒక మర్యాద ఉంటుందని ఆ పిల్ల ఆరోజు నేర్చుకుంది. సర్క్యూట్లు నేర్పని మీ కాలేజి అదొకటి నేర్పింది.

యాదిరా ఫిర్యాదు చేయలేదు. ఇంటికెళ్ళి, కాలేజివాళ్ళు ఏదో కారణం చెప్పారని మాత్రం చెప్పింది. అసలు సంగతి మేష్టారికొక్కడికే చెప్పుకుంది. బలింగిట్ మేష్టారికి ఆ వారమే కబురొచ్చింది, ఇకమీదట ఆయన సేవలు అక్కర్లేదని. పార్కింగులో డిక్కీ మూస్తూ ఆయన, “రెండు కాలేజీలు మిగిలాయిలే, పెట్రోలు కలిసొస్తుంది” అన్నాడు. నవ్వడానికి చూశాడు, రాలేదు. యాదిరా యూనివర్సిటీకి రాసుకుంది. వేసవి చివరిదాకా ఆగుతాం, ఆపైన కుదరదు అని జవాబొచ్చింది.

నిజం ఎంతకాలం దాగుతుంది? ఏప్రిల్‌లో ఒకరోజు మాక్రీనా అన్నం ముందు కూర్చోబెట్టి అడిగింది.

“ఏమే, మా పేర్లు చూపించి నిన్ను బెదిరించారటగా? మీ మేష్టారు ఫిదెన్సియోకి చెప్పాడు.”

“అత్తా, ఊరుకో. నాకు చదువు లేకపోయినా పర్లేదు. నువ్వు లేకపోతే...”

“నా పేరుకి నేను భయపడాలా నువ్వు భయపడాలా? నా బదులు భయపడమని నీకెవరు చెప్పారే?”

ఊరివాళ్ళతో కలిసి పాలకమండలి సమావేశానికి పోయి అడుగుదామంది మాక్రీనా. ఎవరూ రావద్దని యాదిరా కాళ్ళావేళ్ళా పడింది. చాలామంది రాలేదు కూడా. పొయ్యి పక్కన కూర్చుని ప్రశ్న అడిగినామె రాలేదు, ఆమెని ఏమీ అనను. మాక్రీనా వచ్చింది, ఫిదెన్సియో వచ్చాడు, చివరి నిమిషంలో ఆ కబుర్లరాయుడు స్నానం చేసి మరీ వచ్చాడు. వాళ్ళని ఒంటరిగా వదల్లేక యాదిరా వచ్చింది.

మీరంతా ఆ రోజు అక్కడే ఉన్నారు కాబట్టి మీకు గుర్తుండాలి. మొదట గ్రాంటు నివేదిక. దీపాలు తగ్గించి గోడ మీద బొమ్మలు వేశారు. మూడో బొమ్మ మాక్రీనా. పెద్ద అద్దాలు, ఎర్ర వైరు. కింద ‘సమాజం భాగస్వామ్యం’ అని. మీరు చప్పట్లు కొట్టారు.

తరవాత జనం మాట్లాడే వంతు. మాక్రీనా మైకు ముందు నిలబడి మిస్తెకోలో మొదలుపెట్టింది. స్పానిష్ చెప్పడానికి కూర్చున్న దుబాసీ ఆ భాష తనకి రాదని చేతులు తిప్పేశాడు. యాదిరా లేచి పక్కన నిలబడింది.

“నీ స్పానిష్‌లో చెప్పరాదా అత్తా,” అంది గొంతు తగ్గించి.

“చెప్పి చూశాగా. ఫొటో తీసుకున్నారు. చెప్పవే, నేనన్నది అన్నట్టు చెప్పు.”

యాదిరా చెప్పింది.

“ఆ గోడ మీదున్నది నేనే. నా పేరు మాక్రీనా. పత్తి మిల్లు వెనక సందులో ఉంటాను. నాకు కాగితాలు లేవు. ఇప్పుడు నా పేరు ఎవరికి చెప్పుకుంటారో చెప్పుకోండి, మీకన్నా ముందు నేనే చెప్పాను. ఇక దాంతో ఈ పిల్ల నోరు నొక్కలేరు. మీరు తలలు కావాలన్నారు. తల మాత్రం పంపడం మాకు రాదు, ఒళ్ళూ తెచ్చాం. పొద్దంతా తీగలు కత్తిరించి వచ్చి కూర్చున్నాం. మా మొహాలు ఫొటోకి పనికొచ్చాయి, లెక్కకి పనికిరాలేదా?”

గంట మోగింది. తర్జుమాకి పట్టిన సేపు కూడా ఆమె లెక్కలోనే వేశారు. “ధన్యవాదాలు. మీ మాటలు నమోదు చేసుకున్నాం,” అన్నాడు అధ్యక్షుడు. “తరవాతివారు.”

తరవాతివారు ఫిదెన్సియో. మైకు దగ్గరికెళ్ళి, తన పేరూ తన ఇంటి నంబరూ చెప్పి, వచ్చి కూర్చున్నాడు. ఆ పైన ఆ కబుర్లరాయుడు. అతనూ అంతే. ఆ రోజు అతను ఒక్క జోకూ వేయలేదు.

బయట బస్సెక్కుతుంటే, దాని మీది బొమ్మలో యాదిరా నవ్వుతోంది. కింద నిలబడ్డ యాదిరా నవ్వట్లేదు. మాక్రీనా ఆ అద్దాల బొమ్మకి అరచేత్తో ఒకటిచ్చి, “దిగి రా, తరగతికి పోదాం” అంది.

మీరు నమోదు చేసుకున్నారు. ఏం చేశారు? ఏమీ చేయలేదు. యూనివర్సిటీవాళ్ళు వేసవి చివరిదాకానే ఆగుతారు. కాబట్టి ఇదీ మేం అడిగేది, అడగడం కూడా కాదు: ఈ వేసవిలోనే సర్క్యూట్ల తరగతి తెరవండి. ఎనిమిది మంది ఉన్నారు, ఎనిమిది మందికే నడపండి. రేపు ఒక్కరే ఉంటే ఒక్కరికే నడపండి, ఆ ఒక్కరి మొహం చూపించే గ్రాంటు తెచ్చుకున్నారు కదా. ఇరవై తలల రూలు చింపి పారేయండి. బలింగిట్ మేష్టారిని పిలవండి, డిక్కీ కాదు, గదివ్వండి, కుర్చీ ఇవ్వండి. ఆ సాయంత్రం వచ్చినవాళ్ళ పేర్లు మీ దగ్గరున్న చోటల్లా తుడిచేయండి, తుడిచామని రాసివ్వండి. అప్పటిదాకా ఆ బస్సు మీది బొమ్మ పీకేయండి. పీకడానికి మనుషులు కావాలంటే చెప్పండి, వస్తాం. పేర్లు పంపం, మనుషులమే వస్తాం.